గిన్నెల మీద పేర్లు

ఆమదాలవలసలో రైలు దిగి మార్కెట్టు వైపు నడిస్తే, ధాన్యం కొట్లు దాటాక ఒక పెద్ద రేకుల షెడ్డు వస్తుంది. "శ్రీ పైడితల్లి టెంట్ హౌస్. వంట సామాన్లు, శామియానాలు అద్దెకివ్వబడును" అని బోర్డుంటుంది. ఆ బోర్డు చదివి లోపలికొచ్చినవాళ్లు తక్కువ. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అది జగన్నాధం షెడ్డు. ముహూర్తం పెట్టించుకున్నవాళ్లు పంతులుగారింటి గుమ్మం దిగి తిన్నగా ఆ షెడ్డు గుమ్మం ఎక్కుతారు.

జగన్నాధానికి అరవై దాటి చాన్నాళ్లయింది. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఎవరికో ఒకరికి టీ చెప్పిస్తూ కనిపిస్తాడు. వ్యాపారం చేసేవాడికి ఉండకూడని జబ్బొకటి ఆయనకుంది. ఎవరిమీదైనా ప్రేమ పుట్టిందంటే దాన్ని ఎక్కడో ఒకచోట రాసేస్తే గానీ ఆయనకు నిద్ర పట్టదు. రాయడానికి ఆయన దగ్గరున్నవి గిన్నెలు.

విందు భోజనాల్లో ఇంటివాళ్ల గిన్నెలూ, పక్కింటివాళ్ల గిన్నెలూ, అద్దె గిన్నెలూ కలిసిపోతాయి. అందుకని ఎవరి గిన్నె మీద వాళ్లు పేరు కొట్టించుకోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. అద్దె సామాన్లవాళ్లయితే దుకాణం పేరు కొట్టిస్తారు. జగన్నాధం తన మొదటి డేగిసా కొన్నరోజునే కూతురు పుట్టింది. ఆ సంబరంలో దుకాణం పేరు మర్చిపోయి "రేఖ" అని కొట్టించాడు. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. అన్నం వండే పెద్ద డేగిసాలన్నీ రేఖ పేరు మీదున్నాయి. కొడుకు మురళీమోహన్ చిన్నప్పుడు బంతిలో వడ్డించడానికి ఎగబడేవాడని గరిటెలూ, బకెట్లూ, హస్తాలూ వాడి పేరున కొట్టించాడు. వాడికి ఉద్యోగం వచ్చినప్పుడు పులుసు గుండిగొకటి అదనంగా ఇచ్చాడు. భార్య తాయారు పేరు మాత్రం మూతల మీదే ఉంది. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "దాని నోరు మూయించడం నావల్ల కాలేదు. అది గుండిగ నోరైనా మూస్తాదని" అనేవాడు. తాయారు వినేటట్టే అనేవాడు. ఆవిడ ఏమనేదో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

దాంతో ఆ చుట్టుపక్కల వంటవాళ్లకు గిన్నెలు మనుషుల పేర్లతోనే అలవాటయ్యాయి. "రెండు రేఖల్ని పంపండి" అని ఫోన్ చేసేవారు. "మురళీమోహన్ మాడిపోనాడు, బూడిదెట్టి తోమాల" అని కబురంపేవారు. ఒకసారి రేఖకు పిడి ఊడిపోయిందని ఎవరో బజార్లో చెబితే, సగం విన్న తాయారు అప్పటికప్పుడు కూతురి అత్తవారింటికి ఫోన్ చేసి కంగారు పెట్టేసింది.

ఈ పేర్లన్నీ కొట్టిన చెయ్యి కుమారిది. కుమారి అంటే జగన్నాధం తమ్ముడి భార్య. తమ్ముడు లారీ నడిపేవాడు. పెళ్లయిన రెండో ఏడే పచ్చకామెర్లతో పోయాడు. పిల్లల్లేరు, పుట్టింట ఆదరించేవాళ్లు లేరు. "నాను బతికుండగా నువ్వు ఇంకో గుమ్మం ఎక్కకూడదమ్మా" అని జగన్నాధం ఆమెను తీసుకొచ్చి, షెడ్డు పక్కన ఉన్న గది బాగు చేయించి ఇచ్చాడు. కుమారి ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. మొదట గిన్నెలు తోమేది. తర్వాత లెక్క చూసి పంపేది. పేర్లు కొట్టించడానికి ప్రతిసారీ శ్రీకాకుళం పోవడం దండగని ఒక చిన్న ఉలీ సుత్తీ కొనుక్కుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ తనే నేర్చుకుంది. పాత పేర్లు అరిగితే వాటి మీదా మళ్లీ చుక్కలు పెట్టేది. ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఇప్పుడు ఎన్ని విస్తళ్లకు ఎన్ని గిన్నెలు కావాలో జగన్నాధాన్ని అడిగితే, "ఉండు, కుమారిని అడుగుతాను" అంటాడు.

కొత్త గిన్నె వచ్చినప్పుడల్లా ఆమె ఉలి పట్టుకుని, "ఎవల పేరు బావా?" అని అడుగుతుంది. ఆయన ఒక పేరు చెబుతాడు. ఆమె కొడుతుంది. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు.

ఒకరోజు జోగయ్య మనవరాలి ఓణీల వేడుకకు సామాన్లు మాట్లాడుకోడానికి వచ్చాడు. జోగయ్య దస్తావేజులు రాసే మనిషి. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్లేసుకుని ఊళ్లో సగం ఆస్తుల కథలు నోటికి చెప్పగలడు. టీ తాగుతూ, "ఏటి జగన్నాధం, ఈలునామా ఏదైనా రాసినావేటి?" అని అడిగాడు.

"రాసీసాను."

"నాకు తెలీకుండా ఎవల దగ్గర రాయించినావు?"

జగన్నాధం షెడ్డు మొత్తం కలిసొచ్చేలా చెయ్యి ఊపాడు. "అదిగో, సూడు. ఎవలిది ఆలకి పేరెట్టి మరీ రాసీసాను. నీ కాగితమైతే సెదలు తింటాది. నా రాతని ఏటి తింటాది?"

జోగయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "గిన్నె మీద పేరు పెళ్లింట్లో పనికొస్తాది. కోర్టులో పనికిరాదు నాయినా. వ్యాపారం ఉన్నోడివి. నీ తరవాత తాళం ఎవలి సేతికి రావాలో నువ్వు రాయకపోతే సట్టం రాస్తాది. దానికి నీ ఇంటి సంగతి తెల్దు."

"సుభమా అని సామాన్లకొచ్చి ఇవేటి మాటలు?" అని జగన్నాధం విసుక్కున్నాడు. ఆయనకు చావంటే భయం లేదు గానీ దాని గురించి మాట్లాడ్డమంటే చిరాకు. గిన్నెలు మోయిస్తున్న కుమారి ఆ మాటలు విన్నదో లేదో ఆయన చూడలేదు.

వైశాఖంలో పెళ్లిళ్లు ఒకదాని మీదొకటి పడ్డాయి. ఎండలో శామియానా రాటలు వ్యానెక్కిస్తూ జగన్నాధం గుండె పట్టుకుని కూలబడ్డాడు. శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళితే స్టెంటు వేశారు. బొబ్బిలి నుంచి రేఖ వచ్చింది, విశాఖ నుంచి మురళీమోహన్ సెలవు పెట్టి వచ్చాడు. పిల్లలు మంచివాళ్లే. రేఖ తండ్రి కాళ్ల దగ్గర నుంచి కదల్లేదు. కొడుకు మందుల చీటీలు పట్టుకుని పైకీ కిందకీ తిరిగాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్క పెళ్లికీ సామాన్లు ఆగలేదని తెలిసి జగన్నాధం, "నానున్నా నేకపోయినా నా షెడ్డు నడుస్తాది" అని నర్సులందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఎవరు నడిపారో చెప్పాలని ఆయనకు తోచలేదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు మంచం దిగనివ్వలేదు. ఒక పొద్దున్న తాయారు కూరలకు వెళ్లింది చూసి, లుంగీ ఎగ్గట్టి, మెల్లగా షెడ్డుకు వెళ్లాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన షెడ్డులో సామాన్లు ఎప్పుడూ సెట్లుగా ఉంటాయి. డేగిసా, దాని మూత, దాని గరిటె, దానికి సరిపడా బకెట్లు, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి, వ్యానొస్తే ఎత్తి పెట్టేయడానికి సిద్ధంగా. ఇప్పుడవేవీ లేవు. మూడు గుట్టలున్నాయి. ఒక గుట్టలో అన్నీ డేగిసాలే, నోళ్లు తెరుచుకుని. రెండో గుట్టలో గరిటెలూ బకెట్లూ, మధ్యలో ఒంటరిగా ఒక గుండిగ. మూడో గుట్ట మొత్తం మూతలు. కుమారి చీర కొంగు బిగించి, మిగిలిన గరిటెల మీద పేర్లు చూసి ఒక్కొక్కటే విడదీస్తోంది.

"ఇదేటమ్మా?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఓలమ్మ, నువ్వెందుకు బావా ఇలగ నడిసొచ్చీసినావు? కూకో ముందు." స్టూలు తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు. "ఎవల పేరుది ఆలకి ఏరతన్నాను బావా. రేపు గొడవ ఉండకూడదు కదా. పిల్లలొచ్చి ఎతుక్కోకుండా."

జగన్నాధం ఆ గుట్టల్ని చూస్తూ ఉండిపోయాడు. ఏళ్ల తరబడి తను ముచ్చటపడి రాసిన వీలునామా అది. దాన్ని మొత్తం ఒకచోట చదవడం ఆయనకదే మొదటిసారి. మూతల్లేని డేగిసాలు కూతురివి. డేగిసాల్లేని గరిటెలు కొడుకువి. కింద ఏమీ లేని మూతలు పెళ్లానివి. మూడు గుట్టల్లో ఏ ఒక్కటీ పట్టుకెళ్లి ఒక పెళ్లి భోజనం వండి వడ్డించడానికి లేదు.

"నీదేదమ్మా?" అని అడిగాడు.

అడిగాక గానీ ఆయనకు తెలియలేదు, ఏం అడిగాడో.

కుమారి ఒకసారి చుట్టూ చూసింది. కిటికీలో ఉన్న ఉలినీ సుత్తినీ తీసి చూపించింది. "ఇవి బావా," అంది. అందులో నిష్ఠూరం లేదు. ఎవరైనా వస్తువెక్కడుందని అడిగితే చెప్పినట్టే చెప్పింది.

అప్పుడే చినబాబు వచ్చాడు. పొందూరు వైపు రైతు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లూ ఈ గిన్నెలతోనే చేశాడు. జగన్నాధానికి దండం పెట్టి, కుశలం అడిగి, అలవాటు ప్రకారం కుమారి వైపు తిరిగాడు. "కుమారమ్మా, సావణంలో మావోడి పెళ్లి. సామాన్లు రాసుకో."

"సావణానికి నాను మాటివ్వలేను చినబాబూ. బావని అడుగు."

ఆ షెడ్డులో అలాంటి మాట జగన్నాధం ఎప్పుడూ వినలేదు. చినబాబుని మళ్లీ రమ్మని పంపించేసి, కూర్చుని, "ఏటి సంగతి?" అని గట్టిగా అడిగాడు.

కుమారి మొదట దాటేసింది. తర్వాత నేల చూస్తూ చెప్పింది. శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలన్నారట. వస్తానని చెప్పిందట. ఉండడానికి గది కూడా ఇస్తారట. "నీకు బాగున్నంత కాలం నాకు బెంగ నేదు బావా. అది నాకు తెల్దా? కానీ నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు, నాను ఈ గుమ్మంలో కూకున్నాను. నీకేటైనా అయితే ఈ గదిలో ఎవలి మాట మీద ఉంటాను? ఇప్పుడైతే కాళ్లూ సేతులూ ఆడతన్నాయి, ఎవలైనా పనికి పిలుస్తారు. ఇంకో పదేళ్లాగితే ఎవలు పిలుస్తారు?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. అడగడం చేతకానివాళ్ల సంగతి అమ్మే కనిపెట్టి చూసుకోవాలి కదా. ఆ మాత్రం కనిపెట్టలేకపోయినందుకు జగన్నాధానికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఊళ్లో ప్రతి ముద్దకూ పేరు పెట్టినవాడు ఇంట్లో ఉన్న మనిషిని మర్చిపోయాడు. నొప్పి వచ్చిన రోజు కూడా ఆయన అంత కుంగిపోలేదు.

ఇంటికెళ్లేసరికి తాయారు గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. తిట్టడానికి సిద్ధంగా ఉన్నదల్లా ఆయన మొహం చూసి మంచినీళ్లు తెచ్చింది. ఆయన అంతా చెప్పాడు.

తాయారు ఒక్క తిట్టూ తిట్టలేదు. అదే పెద్ద విడ్డూరం. "నా తప్పు కూడా ఉన్నాది మావా," అంది. "నువ్వు ఆస్పత్రిలో ఉండగా పిల్లలు సెడ్డులో కూకుని ఏవో అనుకున్నారు. నాన్న గురుతుగా నా పేరున్న డేగిసా ఒకటి ఇంట్లో ఎట్టుకుంటానని రేఖ ఏడిసింది. సెడ్డు ఎవలు సూస్తారు, ఫోన్ల కొట్టుకి అద్దెకిచ్చీడమేనని మురళి అన్నాడు. సెడ్డ బుద్ధితో కాదు, భయంతో అన్నారు. అప్పుడు కుమారి మాకు టీ ఇస్తన్నాది. నాకూ నోరు పెగల్లేదు, దాని సంగతేటని."

"మూతల మీద నీ పేరు ఊరికే కొట్టించినాను," అన్నాడు జగన్నాధం. "ముయ్యకూడనప్పుడు మూసినావు."

మర్నాడు మొగుడూ పెళ్లాం ఆటో ఎక్కి జోగయ్య బల్ల దగ్గరికి వెళ్లారు. జోగయ్య ఈసారి నవ్వలేదు. ఇద్దరికీ కుర్చీలు వేయించి విడమరిచి చెప్పాడు. కాగితం లేకుండా జగన్నాధం పోతే ఆయన సొంతంగా సంపాదించిందంతా భార్యకూ కొడుక్కూ కూతురికీ సమానంగా వెళుతుంది. వాళ్లుండగా తమ్ముడి భార్యకు చిల్లు గరిటె కూడా రాదు. ఇరవై ఏళ్లు నడిపినా, నలభై ఏళ్లు నడిపినా అంతే. "ఇల్లైతే మూడు గదులూ ముగ్గురు పంచుకుంటారు. వ్యాపారాన్ని అలగ కొయ్యడానికి అవదు జగన్నాధం. కోసినామంటే ఇనపసామాన్లోడికి తూకానికెయ్యడమే. ఎవలు నడపగలరో ఆలకి నిండుగా ఇవ్వాల. మిగతావోళ్లకి ఇంకో రకంగా సర్దాల. అది బతికుండగా నీ ఒక్కడికే సాతవుతాది."

"పిల్లలకి సెప్పకుండా రాయను," అన్నాడు జగన్నాధం.

ఆదివారం ఇద్దర్నీ పిలిపించి షెడ్డుకే తీసుకెళ్లాడు. మూడు గుట్టలూ కదపొద్దని కుమారికి ముందే చెప్పాడు. "ఎవలిది ఆలు పట్టుకుని పెళ్లి వంట సెయ్యండి, సూస్తాను," అన్నాడు. రేఖ తన డేగిసాలని చూసింది. మురళీమోహన్ తన గరిటెలని చూశాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. జగన్నాధం మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి ఉలీ సుత్తీ తీసి వాళ్ల ముందు పెట్టాడు. "మీ పిన్ని వాటా ఇది," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. రేఖ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని పిన్ని కోసం వెనక్కి తిరిగింది. కుమారి అప్పటికే టీ పెట్టడానికి గదిలోకి వెళ్లిపోయింది.

షెడ్డు మొత్తం కుమారికే రాస్తానన్నాడు జగన్నాధం. మురళీమోహన్ కాస్త తటపటాయించాడు. "ఇవ్వడానికి నాకేటీ నేదు నాన్నా. కానీ పిన్ని తరవాత? ఆవిడ పుట్టింటోళ్లు ఎవలైనా వచ్చి నాదంటే?" అన్నాడు. అడగవలసిన మాటే. మర్నాడు నలుగురూ బల్ల దగ్గరికి వెళితే జోగయ్య దానికీ దారి చూపించాడు. షెడ్డూ, గదీ, వ్యానూ, సామాన్లన్నీ విడదీయకుండా కుమారివి. బతికున్నన్నాళ్లు నడుపుకోవచ్చు, వచ్చే డబ్బులు ఆవిడవే. ఎవరూ ఖాళీ చెయ్యమనడానికి లేదు. ఆవిడ తదనంతరం రేఖకూ మురళీకీ. ఇల్లు తాయారు ఉన్నంతకాలం తాయారుది, తర్వాత పిల్లలది. పొలం పిల్లలిద్దరికీ. తాయారు తిండికీ మందులకూ షెడ్డు మీదే ఆధారమని ఒక ముక్క రాయమంటారా అని జోగయ్య అడిగితే తాయారుకి కోపం వచ్చింది. "నాకు కుమారి కూడెట్టకపోతే నీ కాగితం ఎడతాదా? రాయకు," అంది. జోగయ్య రాయలేదు.

డాక్టరు దగ్గర మనిషి తెలివిలోనే ఉన్నాడని చీటీ తెచ్చుకున్నారు. వాటాలో గింజంత కూడా రాని ఇద్దరు సాక్షులు కావాలంటే చినబాబూ, పక్కన ధాన్యం కొట్టు గంగరాజూ వచ్చి సంతకాలు చేశారు. రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర వేసి బయటికొచ్చిన జగన్నాధం, ఎవరో గుండె మీదినుంచి గంగాళం దింపినట్టుందని చెప్పి అందరికీ టీ చెప్పించాడు. ప్రాణం పోతుందనుకున్న పని ఇంత తేలికా అని ఆశ్చర్యపోయాడు కూడా.

కుమారికి కాగితం చదివి వినిపించింది రేఖ. కుమారి అంతా విని, "అలగే" అంది. అంతే. లేచి షెడ్డులోకి వెళ్లి గుట్టలు విప్పడం మొదలుపెట్టింది. రేఖ డేగిసా మీద తాయారు మూత పెట్టింది, పక్కన మురళీమోహన్ గరిటెలు పెట్టింది. చాలాసేపు లోపలినుంచి గిన్నెల చప్పుడు వస్తూనే ఉంది. అప్పుడప్పుడూ ముక్కు చీదిన చప్పుడూ వచ్చింది. తాయారు ఎవరినీ లోపలికి వెళ్లనివ్వలేదు. ఆ సాయంత్రమే కుమారి హాస్టల్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. మీ వార్షికోత్సవానికి సామాన్లు కావాలంటే మాత్రం చెప్పండి, పంపిస్తానంది.

జగన్నాధం ఊరుకోలేకపోయాడు. మర్నాడు కొత్త డేగిసా ఒకటి తెప్పించాడు. షెడ్డులో ఇంతవరకూ లేనంత పెద్దది. దాన్ని కుమారి ముందు పెట్టించాడు.

"ఎవల పేరు బావా?" అని అడిగింది, ఉలి తీసుకుంటూ.

"నీ పేరే. పెద్దక్షరాలు కొట్టు, ఊరంతా కనిపించాల."

కుమారి తలొంచుకుంది. ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయన మాత్రల వేళయిందని చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు.

పొద్దున్నే తాయారుని వెంటేసుకుని వచ్చి చూశాడు. డేగిసా మెడ చుట్టూ చుక్కలు తళతళలాడుతున్నాయి. పెద్దక్షరాలే. కళ్లజోడు సర్దుకుని చదివాడు. "జగన్నాధం" అని ఉంది.

"ఇదేటమ్మా, నీ పేరు కొట్టమన్నాను కదా?"

"నా పేరు కాగితం మీద ఉన్నాది కదా బావా," అంది కుమారి. "ఇన్నేళ్లనుంచీ ఎవల పేరు సెప్పితే ఆల పేరు కొట్టినాను. ఈ సెడ్డు మొత్తం మీద నీ పేరు ఒక్క గరిటె మీదైనా నేదు. ఎప్పుడైనా సూసుకున్నావేటి?"

ఆయన చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. స్టూలు మీద కూర్చుని, ఆ చుక్కల్ని వేలితో తడుముకుంటూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫోన్ మోగింది. చినబాబు, శ్రావణం పెళ్లి గురించి. కుమారి ఫోన్ చెవికి పెట్టుకుని, "వస్తాయి చినబాబూ, అన్నీ వస్తాయి. రెండు రేఖలు, ఒక మురళీమోహను. ఈసారి పప్పుకి జగన్నాధాన్ని పంపుతాను, కొత్తది," అంది.

తాయారు కొంగుతో కళ్లు తుడుచుకుని గట్టిగా అరిచింది. "జగన్నాధాన్ని అడుగంటకుండా సూసుకోమని సెప్పు కుమారీ! అసలే స్టెంటు ఏసినారు."